భిలాయి ముందు మళ్లీ 1955 నాటి ప్రశ్న

కేంద్ర ఉక్కు శాఖ 2024 డిసెంబరు 12న ‘హరిత ఉక్కు’కు ఒక నిర్వచనం ఇచ్చింది. టన్ను ఉక్కు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్ 2.2 టన్నుల లోపు ఉంటే దాన్ని హరిత ఉక్కుగా పరిగణిస్తారు. 2.0 నుంచి 2.2 మధ్య ఉంటే మూడు నక్షత్రాలు, 1.6 నుంచి 2.0 మధ్య ఉంటే నాలుగు, 1.6 కన్నా తగ్గితే ఐదు. దేశ సగటు మాత్రం ఇప్పటికీ 2.5 టన్నుల దగ్గరే ఉంది. ప్రపంచ సగటు రెండు టన్నుల లోపు. దేశం విడుదల చేసే ఉద్గారాల్లో ఉక్కు పరిశ్రమ వాటా 10 నుంచి 12 శాతం. కాబట్టి 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని 2021లో గ్లాస్గోలో ఇచ్చిన మాట నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు ఉక్కు కొలిముల దగ్గరే తేలుతుంది.

ఆ కొలిములున్న ఊళ్లలో భిలాయి ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, ముంబై-హౌరా రైలు మార్గం మీద, వరి పొలాల మధ్య ఆరేడు దశాబ్దాల కిందట పుట్టిన ఊరు అది. ఉత్తరాంధ్ర నుంచి ఉపాధి కోసం వెళ్లిన కుటుంబాలు రెండు మూడు తరాలుగా అక్కడి సెక్టార్లలో స్థిరపడ్డాయి. సెక్టార్-5లోని బాలాజీ గుడి దగ్గర తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. దేశంలో నడిచే రైళ్లలో చాలావాటి చక్రాల కింద ఉన్నది భిలాయిలో తయారైన పట్టాయే.

వాతావరణ సంక్షోభాన్ని అవకాశంగా మలుచుకోవాలన్న మాట ఈమధ్య ప్రతి సదస్సులోనూ వినిపిస్తోంది. ఎవరికి అవకాశం, ఎప్పుడు, ఏ షరతుల మీద అన్నది మాత్రం అంతగా వినిపించదు. భిలాయి చరిత్రలో ఈ మూడింటికీ సమాధానాలు ఉన్నాయి. అన్నీ మెచ్చుకోదగ్గవి కావు.

రెండున్నర శాతం వడ్డీ

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో తయారయ్యే ఉక్కు 10 లక్షల టన్నులకు కాస్త అటూ ఇటూగా ఉండేది. రెండో పంచవర్ష ప్రణాళిక పెట్టుకున్న లక్ష్యాలకు అది ఏ మూలకూ చాలదు. కొత్త కర్మాగారాలు కట్టడానికి డబ్బూ లేదు, సాంకేతికతా లేదు. పశ్చిమ దేశాల కంపెనీలు రావడానికి సిద్ధమే గానీ షరతులు బరువైనవి. ఆ పరిస్థితిలో 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. భిలాయిలో 10 లక్షల టన్నుల సామర్థ్యంతో ఉక్కు కర్మాగారం కడతారు. యంత్రాల ఖర్చుకు రుణం ఇస్తారు. వడ్డీ 2.5 శాతం, తీర్చడానికి 12 వార్షిక వాయిదాలు. పైగా రూపాయల్లో చెల్లించి, ఆ రూపాయలతో భారతీయ సరుకులు కొనుక్కునే వీలు.

ఈ షరతుల విలువ తెలియాలంటే చిన్న లెక్క చాలు. 10,000 కోట్ల రూపాయల అప్పు మీద 2.5 శాతం చొప్పున ఏటా కట్టాల్సిన వడ్డీ 250 కోట్లు. 10 శాతమైతే 1,000 కోట్లు. కొలిమి అదే, ఇనుప ఖనిజం అదే, కార్మికులూ వాళ్లే. అయినా ఒక కర్మాగారం నిలబడుతుంది, మరొకటి అప్పుల్లో మునుగుతుంది. ఇవాళ బొగ్గు లేని ఉక్కు గురించి మాట్లాడేటప్పుడు సాంకేతికత గురించే ఎక్కువ చర్చ జరుగుతోంది. నిజానికి పెట్టుబడి మొత్తం ముందే పెట్టాల్సిన ఇలాంటి ప్రాజెక్టుల్లో జాతకం రాసేది వడ్డీ రేటే.

అప్పట్లో భారత్ చేతిలో ఒక బేరం ఉంది. రెండు అగ్రరాజ్యాల మధ్య పోటీ నడుస్తున్న కాలం అది. రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, భిలాయికి సోవియట్ యూనియన్, దుర్గాపూర్‌కు బ్రిటన్ వచ్చాయి. ఒకరు వచ్చాక మరొకరు దూరంగా ఉండలేకపోయారు. ఎదుటివాళ్ల సంక్షోభాన్ని తన అవకాశంగా మార్చుకున్న సందర్భం అంటే నిజానికి అదీ. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. 2024లో బాకూ సదస్సులో సంపన్న దేశాలు 2035 నాటికి ఏటా 300 బిలియన్ డాలర్ల వాతావరణ నిధి సమకూర్చే లక్ష్యానికి ఒప్పుకున్నాయి. వర్ధమాన దేశాలు అడిగింది 1.3 ట్రిలియన్. ఆ తీర్మానం మీద సభలోనే తీవ్రంగా అభ్యంతరం చెప్పిన దేశాల్లో మనదీ ఒకటి. ఆ 300 బిలియన్లలో కూడా ఎంత గ్రాంటు, ఎంత అప్పు, ఎంత ప్రైవేటు పెట్టుబడి అన్నది స్పష్టం కాలేదు. 1955 నాటి షరతులను పక్కన పెట్టి చూస్తే ఈ నిధి ఎంత పల్చనిదో అర్థమవుతుంది.

కాలం మారుతున్నప్పుడు కట్టిన కొలిమి

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఒప్పందం కుదిరిన నాలుగేళ్లకే ఇనుము కరిగి పారింది. అందరూ మెచ్చుకున్న వేగం అది. అయితే ఆ ఇనుమును ఉక్కుగా మార్చే విభాగంలో పెట్టినవి ఓపెన్ హార్త్ కొలిములు. పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టిన పద్ధతి. బయటి నుంచి ఇంధనం మండించి, ఒక్కో విడతకు ఎనిమిది పది గంటలు కాచాలి.

సరిగ్గా అదే కాలంలో ఆస్ట్రియాలో ఈ పద్ధతికి కాలం చెల్లింది. లింజ్, డోనావిట్జ్ అనే రెండు ఊళ్లలో 1952, 53 సంవత్సరాల్లో ఒక కొత్త విధానం వాడుకలోకి వచ్చింది. కరిగిన ఇనుములోకి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఊదితే అందులోని కర్బనమే మండి కావలసిన వేడిని ఇస్తుంది. బయటి ఇంధనం అక్కర్లేదు. ఒక విడత ముప్పావు గంటలో అయిపోతుంది. ఆ రెండు ఊళ్ల మొదటి అక్షరాలతో దానికి ఎల్‌డీ కన్వర్టర్ అని పేరొచ్చింది. జర్మన్లు కట్టిన రూర్కెలాకు ఈ కన్వర్టర్లు మొదట్లోనే వచ్చాయి. భిలాయికి 1980ల విస్తరణ దాకా రాలేదు. 1967లో సామర్థ్యాన్ని 25 లక్షల టన్నులకు పెంచినప్పుడు కూడా పాత పద్ధతిలోనే పెంచారు. తర్వాత ఆ పాత విభాగానికి మెరుగులు దిద్దుతూ ట్విన్ హార్త్ కొలిములుగా మార్చి దశాబ్దాల పాటు లాక్కొచ్చారు. 1950ల్లో గీసిన ఒక నమూనా ప్రభావం ఈ శతాబ్దం దాకా కొనసాగింది.

భిలాయి ఎంపికను తప్పని తేల్చేయడం ఇప్పుడు తేలికే. అప్పటి సంగతి అంత సులువు కాదు. కొత్త కన్వర్టర్లున్న రూర్కెలా తొలి సంవత్సరాల్లో నానా అవస్థలు పడింది. పదుల సంఖ్యలో జర్మన్ కంపెనీలు తలా ఒక ముక్క కట్టాయి, వాటి మధ్య సమన్వయం కుదరలేదు, కర్మాగారాన్ని నడిపే శిక్షణ చాలలేదు. భిలాయిలో ఒకే బాధ్యత, ఒకే బృందం. సోవియట్ ముఖ్య ఇంజనీరు వెనియమిన్ దిమ్‌షిత్స్ ఆధ్వర్యంలో భారతీయ ఇంజనీర్లు కొలిమి పక్కన నిలబడి పని నేర్చుకున్నారు. వందల మందిని సోవియట్ కర్మాగారాలకు శిక్షణకు పంపారు. పాత యంత్రమే అయినా నడిపే చేతులు తయారయ్యాయి. రూర్కెలాకు యంత్రం కొత్తది, భిలాయికి నేర్పు దొరికింది. రెండూ ఒకే చోట దొరికిన దేశం జపాన్.

యవాటా కంపెనీ 1957లోనే ఎల్‌డీ కన్వర్టర్ పెట్టింది. 1970 నాటికి జపాన్ ఉక్కులో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఆ పద్ధతిలోనే తయారవుతోంది. అమెరికాలో మెక్‌లౌత్ అనే చిన్న కంపెనీ 1954లోనే దీన్ని తెచ్చినా, పెద్ద కంపెనీలు మాత్రం ఆ దశాబ్దమంతా ఓపెన్ హార్త్ కొలిములే కట్టుకుంటూ పోయాయి. చేతిలో ఉన్న యంత్రం బాగానే పనిచేస్తోంది కదా అన్న ధీమా. ఆ తర్వాత అమెరికా ఉక్కు పట్టణాలకు పట్టిన గతికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ముఖ్య కారణాల్లో ఇదీ ఉంది.

ఇందులో తెలుగు నేలకూ ఒక పాత్ర ఉంది. జపాన్ కొలిములకు ఖనిజం కావాలి. బస్తర్‌లోని బైలదిల్లా కొండల్లో దేశంలోకెల్లా మేలైన ఇనుప ఖనిజం ఉంది. 1960ల్లో కిరందుల్ నుంచి కొత్తవలసకు, అరకు లోయ కొండల్లో సొరంగాలు తవ్వి, రైలు మార్గం వేశారు. ఇవాళ పర్యాటకులు ఫొటోలు తీసుకునే ఆ మార్గం పుట్టింది ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చడానికి. మట్టి ఇక్కడిది, లాభం తెచ్చిన నైపుణ్యం అక్కడిది. హరిత ఉక్కు యుగంలో భారత్ మళ్లీ ఖనిజం, చవక సౌర విద్యుత్తు ఎగుమతి చేసే దేశంగా మిగులుతుందా, లేక ఉక్కే చేసి అమ్ముతుందా అన్నది ఊహాజనితమైన ప్రశ్న కాదు. ఒకసారి అరకు మీదుగా జరిగిపోయిన సంగతి.

బొగ్గు చేసే పని ఏమిటి?

ఇనుప ఖనిజం అంటే ఇనుమూ ఆక్సిజనూ కలిసిన పదార్థం. ఆ ఆక్సిజన్‌ను విడదీయాలి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఆ పని చేసేది కోక్, అంటే గాలి తగలకుండా కాల్చిన ప్రత్యేకమైన బొగ్గు. అందులోని కర్బనం ఆక్సిజన్‌ను లాక్కుని చివరికి కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. అంటే ఇక్కడ బొగ్గు వేడి కోసం మండే ఇంధనం మాత్రమే కాదు, రసాయన చర్యలో భాగం. కర్మాగారానికి సౌర విద్యుత్తు ఇచ్చినంత మాత్రాన ఈ ఉద్గారం పోదు. కర్బనం బదులు హైడ్రోజన్ వాడితే ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి వస్తుంది. స్వీడన్‌లో హైబ్రిట్ ప్రాజెక్టు 2021లో ఇలా ఇనుము తయారు చేసి చూపించింది.

మరి భిలాయిలో చేయాలంటే? టన్ను ఉక్కుకు సుమారు 55 కిలోల హైడ్రోజన్ కావాలి. కిలో హైడ్రోజన్‌ను నీటి నుంచి విడదీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. భిలాయి సామర్థ్యం ఇప్పుడు 70 లక్షల టన్నులు. ఆ మొత్తాన్నీ హైడ్రోజన్‌తో చేయాలంటే ఏటా దాదాపు 2,000 కోట్ల యూనిట్లు, అంటే దాదాపు 12,000 మెగావాట్ల సౌర ఫలకాలు కావాలి. ఇనుమును కరిగించే విద్యుత్ కొలిముల ఖర్చు దీనికి అదనం. ఎన్టీపీసీతో కలిసి నడుపుతున్న విద్యుత్ సంస్థ ద్వారా భిలాయి మరోదా జలాశయం మీద తలపెట్టిన తేలియాడే సౌర ప్రాజెక్టు సామర్థ్యం 15 మెగావాట్లు. మంచి ప్రయత్నమే. అయితే 15కూ 12,000కూ మధ్య దూరం ఎంతో చెప్పకుండా దాన్ని హరిత ఉక్కుకు తొలి అడుగు అనడం పాఠకుణ్ని మభ్యపెట్టడమే. జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ మొత్తం కేటాయింపు 19,744 కోట్లు. అందులో ఉక్కు ప్రయోగాలకు 2029-30 దాకా ఇచ్చింది 455 కోట్లు.

ఇంకో లెక్క దీనికి ఎదురుగా ఉంది. మన బొగ్గులో బూడిద ఎక్కువ, కోక్‌కు పనికొచ్చేది తక్కువ. అందువల్ల దేశం ఏటా 5 కోట్ల టన్నులకు పైగా కోకింగ్ బొగ్గును దిగుమతి చేసుకుంటోంది, అందులో పెద్ద వాటా ఆస్ట్రేలియాది. విశాఖ లాంటి తూర్పు తీర రేవుల్లో దిగే బొగ్గు రైళ్లెక్కి లోపలి కర్మాగారాలకు చేరుతుంది. దేశీయ స్వావలంబనకు ప్రతీకగా కట్టిన కర్మాగారాలు ఇవాళ క్వీన్స్‌లాండ్‌లో తుపాను వస్తే ధర గురించి కంగారు పడాల్సిన స్థితిలో ఉన్నాయి. వాతావరణం సంగతి కాసేపు మరిచిపోయినా, బొగ్గు నుంచి బయటపడటానికి ఇదొక్క కారణం చాలు. 1950ల నాటి పాలకులకు అర్థమయ్యే కారణం కూడా ఇదే.

కొలిమి మార్చకుండా చేయగలిగినవీ ఉన్నాయి. ఫర్నేస్ పైభాగంలోని వాయువు పీడనంతో కరెంటు తీయడం, కోక్‌ను నీళ్లకు బదులు నైట్రోజన్‌తో చల్లార్చి ఆ వేడిని వాడుకోవడం, ఖనిజాన్ని గుళికలుగా చేసి వేయడం, తుక్కు వాటా పెంచడం లాంటివి. వీటితో రెండున్నర నుంచి రెండు టన్నుల దాపుకు దిగవచ్చు, అంటే మూడు నక్షత్రాలో, నాలుగో. అంతకు మించి దిగాలంటే కొలిమే మారాలి.

పట్టాలు కొనేది ఎవరు?

ఐరోపా సమాఖ్య 2026 జనవరి 1 నుంచి సరిహద్దు కర్బన పన్నును పూర్తిస్థాయిలో అమల్లోకి తెచ్చింది. దీని గురించి మన పత్రికల్లో వచ్చినంత కలవరం భిలాయికి అక్కర్లేదు. భిలాయి ముఖ్య సరుకు రైలు పట్టా, దాన్ని కొనేది భారతీయ రైల్వే. అమ్మేది ప్రభుత్వ రంగ సంస్థ, కొనేది ప్రభుత్వ శాఖ.

అసలు అవకాశం ఇక్కడే ఉంది. 2030 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని రైల్వే ప్రకటించుకుంది. ఆ లెక్కలో డీజిల్, కరెంటు ఉన్నాయి గానీ కొనే ఉక్కు వెనకున్న పొగ కనిపించదు. ఫలానా సంవత్సరం నుంచి కొనే పట్టాల్లో ఇంత శాతం నాలుగు నక్షత్రాలవి ఉండాలని, వాటికి ఇంత అదనపు ధర ఇస్తామని రైల్వే ముందుగా చెబితే భిలాయికి ఖాయమైన మార్కెట్ దొరుకుతుంది. ఖాయమైన మార్కెట్ ఉంటే తక్కువ వడ్డీకి అప్పు పుడుతుంది. 1955లో భిలాయి నిలబడింది కూడా ఇలాంటి హామీ మీదనే: తయారైన ఉక్కును కొనే దేశం ఎదురుగా ఉంది. సౌర విద్యుత్తు ధర పడిపోవడంలోనూ ప్రభుత్వ దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందాలదే పెద్ద పాత్ర.

దల్లీ-రాజహరా చెప్పే సంగతి

భిలాయికి దక్షిణాన తొంభై కిలోమీటర్ల దూరంలో దల్లీ-రాజహరా ఉంది. భిలాయి కొలిములను అర్ధ శతాబ్దానికి పైగా పోషించిన ఇనుప గనులు అక్కడివే. పట్టణంలో శాశ్వత ఉద్యోగులకు క్వార్టర్లు, బడులు, ఆసుపత్రి ఉంటే, గనుల్లో చేతులతో ఖనిజం పగలగొట్టిన వేలాది ఒప్పంద కార్మికులకు గుడిసెలు మిగిలాయి. 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో వాళ్లు సొంత సంఘం పెట్టుకున్నారు. ఆ ఏడాది జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు.

వాతావరణ చర్చకు పనికొచ్చే సంగతి ఆ తర్వాతది. గనులను పూర్తిగా యంత్రాలకు అప్పగించాలని యాజమాన్యం అనుకుంది. బైలదిల్లా అనుభవం కళ్లముందే ఉంది: అక్కడ తొలగింపులకు వ్యతిరేకంగా ఒప్పంద కార్మికులు ఆందోళనకు దిగితే 1978 ఏప్రిల్‌లో కిరందుల్‌లో కాల్పులు జరిగాయి. దల్లీ సంఘం యంత్రాలు వద్దని కూర్చోలేదు. సొంతంగా లెక్కలు వేసి అర్ధ యాంత్రీకరణ అనే ప్రత్యామ్నాయాన్ని ముందుపెట్టింది. నాణ్యతకు అవసరమైన చోట యంత్రాలు, మిగతా చోట మనుషులు. ఖర్చూ తక్కువే అవుతుందని వాదించింది. యాజమాన్యం చాలాకాలం దానికి ఒప్పుకోక తప్పలేదు. ఆ కార్మికులే 1983లో తమ చందాలతో, శ్రమతో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రలో ఉండగా హత్యకు గురయ్యారు.

దీనికి భిన్నమైన ఉదాహరణ వేల్స్‌లోని పోర్ట్ టాల్బోట్. అక్కడ టాటా స్టీల్ చివరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 2024 సెప్టెంబరు 30న ఆపేసింది. దాని స్థానంలో తుక్కు కరిగించే విద్యుత్ కొలిమి వస్తోంది, బ్రిటిష్ ప్రభుత్వం 50 కోట్ల పౌండ్లు ఇస్తోంది. ఉద్గారాలు బాగా తగ్గుతాయి. బ్రిటన్‌లో ఆ కంపెనీ ఉద్యోగాలు రెండున్నర వేలకు పైగా పోతున్నాయి. కార్మిక సంఘాలు ఒక ఫర్నేస్‌ను కొంతకాలం నడుపుతూ దశలవారీగా మారే ప్రణాళిక ఇచ్చాయి. కంపెనీ ఒప్పుకోలేదు. దల్లీ కార్మికులు నలభై ఏళ్ల ముందు గెలిచిన వాదన సంపన్న దేశంలో ఓడిపోయింది.

భిలాయిలో ఒకప్పుడు యాభై వేలు దాటిన శాశ్వత ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు అందులో మూడో వంతు కూడా లేదు. పని చాలావరకు కాంట్రాక్టు మీద నడుస్తోంది. కోక్ బ్యాటరీలు మూతపడిన రోజున మొదట కనిపించకుండా పోయేది వాళ్లే, ఎందుకంటే ఉద్యోగుల జాబితాలో వాళ్లు ఇప్పుడూ కనిపించరు. మరో విషయం, హైడ్రోజన్ వచ్చినా ఖనిజం అవసరం తగ్గదు. దల్లీ నిల్వలు తరిగిపోతుండగా భిలాయి చూపు రావ్‌ఘాట్ అడవుల మీదికి మళ్లింది, రైలు మార్గం అటు సాగింది. అక్కడి ఆదివాసీ గ్రామాలకు ఉక్కుకు ఎన్ని నక్షత్రాలున్నాయన్నది పెద్ద తేడా కాదు.

నిర్ణయానికి గడువు మాత్రం దగ్గరలోనే ఉంది. భిలాయిలో అతిపెద్ద బ్లాస్ట్ ఫర్నేస్, 4,060 ఘనపు మీటర్ల ‘మహామాయ’, 2018 ఫిబ్రవరిలో వెలిగింది. రోజుకు 8,000 టన్నుల ఇనుము దాని లక్ష్యం. ఇలాంటి కొలిమి లోపలి ఇటుక పొర పదిహేను ఇరవై ఏళ్లకు అరిగిపోతుంది. అప్పుడు వందల కోట్లు పెట్టి కొత్త పొర వేస్తే మరో రెండు దశాబ్దాలు బొగ్గుతోనే నడుస్తుంది, 2050 దాటుతుంది. అంటే 2033, 2038 మధ్య ఎప్పుడో ఒక ఏడాది ఆ ఫైలు సెయిల్ బోర్డు ముందుకు వస్తుంది. అప్పటికి భిలాయిలో హైడ్రోజన్‌తో పనిచేసే చిన్న కొలిమి ఒకటైనా నాలుగైదేళ్లు నడిచి ఉండాలి, దాన్ని నడపడం నేర్చుకున్న కొన్ని వందల మంది ఉండాలి, పట్టాల ధర గురించి రైల్వేతో ఒక ఒప్పందం ఉండాలి. ఇవేవీ లేకపోతే బోర్డు ముందు ఎంపిక ఉండదు, ఇటుకల టెండరు ఒక్కటే ఉంటుంది.